కల్చర్ రిపోర్టులో అన్ని మందులకూ ‘ఆర్’ అని వస్తే: బర్న్స్ వార్డు బ్యాక్టీరియా గురించి

మీరు అడిగింది ఇదీ: గ్యాస్ లీకై మీ బావగారికి 35 శాతం కాలింది, ఇవాళ్టికి పది రోజులు. గాయం మీద దూదిపుల్లతో తుడిచి, ల్యాబ్‌లో పెంచి చూసే స్వాబ్ కల్చర్‌లో ఆసినెటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా వచ్చింది. మెరోపెనెమ్‌తో సహా దాదాపు అన్ని మందుల ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే మందుకు లొంగదు) అని ఉంది, కొలిస్టిన్ దగ్గర మాత్రం ‘ఐ’ (ఇంటర్మీడియట్, అంటే మధ్యస్థం) అని ఉంది. ఇది ఆసుపత్రి నిర్లక్ష్యమా, దీనికన్నా పెద్ద ఇంజెక్షన్ ఏదైనా ఉందా, ఉంటే ఎంత ఖర్చయినా బయట్నుంచి తెప్పిస్తాం, లేదంటే కార్పొరేట్ ఆసుపత్రికి మార్చేయమంటారా అని.

నేను మైక్రోబయాలజీ డాక్టర్ని. బర్న్స్ వార్డు ఉన్న ఒక బోధనాసుపత్రిలో ల్యాబ్‌తో పాటు ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని కూడా చాలా ఏళ్లుగా చూస్తున్నాను. మీ చేతిలో ఉన్నలాంటి రిపోర్టుల మీద రోజూ సంతకం పెడుతుంటాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, తర్వాత కారణాలు.

ఆ ఒక్క కాగితం చూసి పరిస్థితి చెయ్యి దాటిపోయిందని అనుకోవద్దు. గాయం పైన బ్యాక్టీరియా కనిపించడం వేరు, అది ఒంట్లోకి దిగి జబ్బు చేయడం వేరు. రెండోది జరగనంత వరకూ దానికి ఇంజెక్షన్ అవసరమే ఉండకపోవచ్చు. కాలిన గాయంలో మొండి బ్యాక్టీరియాను వదిలించే అసలు వైద్యం చచ్చిన చర్మాన్ని తీసేసి, గాయాన్ని కొత్త చర్మంతో మూసేయడం, దీన్నే గ్రాఫ్టింగ్ అంటాం. మందు దానికి తోడు మాత్రమే. కాబట్టి రేపు రౌండ్స్‌లో ‘ఇంకా పెద్ద మందు ఉందా’ అనే ప్రశ్న కన్నా ముందు ‘గ్రాఫ్టింగ్ ఎప్పుడు చేస్తారు, ఆలస్యమైతే దేనికోసం ఆగుతోంది’ అని అడగండి.

కాలిన గాయం మామూలు గాయం లాంటిది కాదు, ఆ సంగతి తెలిస్తేనే మిగతాది అర్థమవుతుంది. కత్తితో తెగిన గాయమైతే చుట్టూ రక్తం బాగా ఆడుతుంది, మందు గాయం దాకా చేరుతుంది, తెల్ల రక్తకణాలూ చేరతాయి. లోతుగా కాలినచోట చర్మంతో పాటు రక్తనాళాలు కూడా మాడిపోతాయి. పైన తోలులా గట్టిపడిన పొర ఒకటి మిగులుతుంది, ఎస్కార్ అంటాం. చచ్చిన ప్రొటీను, తేమ, ఒంటి వెచ్చదనం అన్నీ ఒకేచోట ఉంటాయి, ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచడానికి మేం తయారుచేసుకునే అగార్ ప్లేటుకు ఏమాత్రం తీసిపోదు. అందులోకి రక్తం వెళ్లదు కాబట్టి ఎంత ఖరీదైన మందు నరంలోకి ఎక్కించినా అక్కడికి సరిగ్గా చేరదు, అరకొరగా చేరితే బ్యాక్టీరియా చావదు సరికదా, ఆ మందును తట్టుకునేవి మిగిలి పెరుగుతాయి. పైగా ఎక్కువ కాలిన మనిషికి రోగనిరోధక శక్తి వారాల తరబడి తగ్గి ఉంటుంది. మూత్రానికి పైపు, మెడలో లైను, అవసరమైతే ఊపిరికి గొట్టం, ఇవన్నీ బ్యాక్టీరియాకు అదనపు దారులు.

గాయంలోకి ఏవి ఎప్పుడొస్తాయన్నదానికీ ఒక వరస ఉంది. చెమట గ్రంథుల్లో, వెంట్రుకల కుదుళ్లలో వేడికి చావకుండా మిగిలిన స్టెఫైలోకాకస్ లాంటివి మొదటి 48 గంటల్లో పైకొస్తాయి. అయిదు నుంచి ఏడు రోజులకల్లా గ్రామ్ నెగటివ్ అనే వర్గం బ్యాక్టీరియా చేరతాయి, కొన్ని పేషెంటు పేగుల నుంచే, కొన్ని వార్డులోని నీళ్ల నుంచి, వస్తువుల నుంచి, చేతుల నుంచి. సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, ఆసినెటోబ్యాక్టర్, ఇవీ మన వార్డుల్లో ఎక్కువగా కనిపించేవి. ఇంకా రోజులు గడిచి, యాంటీబయాటిక్‌లు ఎడతెరిపి లేకుండా నడిస్తే క్యాండిడా, ఆస్పర్జిల్లస్ లాంటి ఫంగస్‌లు వస్తాయి. మీ బావగారికి పదో రోజున ఆసినెటోబ్యాక్టర్ రావడం ఈ వరసలోదే, వింతేమీ కాదు.

వీటిలో ఆసినెటోబ్యాక్టర్ గురించి రెండు మాటలు. చాలా బ్యాక్టీరియా పొడిగా ఉన్నచోట తొందరగా చచ్చిపోతాయి. ఇది బెడ్ రెయిలింగ్ మీద, బీపీ పట్టీ మీద, మానిటర్ బటన్ల మీద వారాల పాటు, ఒక్కోసారి నెలల పాటు బతికే ఉంటుంది. ఇరాక్ యుద్ధంలో గాయపడిన అమెరికన్ సైనికులతో పాటు వాళ్ల మిలిటరీ ఆసుపత్రులకు ఇది ఎంతగా పాకిందంటే దానికి ‘ఇరాకీబ్యాక్టర్’ అని ముద్దుపేరు కూడా పెట్టారు. బర్న్స్ యూనిట్లో పరుపుల్లోకి చేరి పేషెంట్లకు అంటుకున్న సంగతి 1985లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. ఇప్పటికీ నేను వార్డుకు వెళ్తే మొదట చూసేది పరుపునే. రెక్సిన్ కవరు ఎక్కడైనా చిరిగిందా, కుట్టు దగ్గర విడిపోయిందా అని వేలితో నొక్కి చూస్తాను, నొక్కినప్పుడు చెమ్మ పైకొస్తే ఆ పరుపును ఎంత ఫినాయిల్ పెట్టి తుడిచినా లాభం లేదు, మార్చాల్సిందే.

ఇక రిపోర్టు ఎలా చదవాలో చెప్తాను, ఎందుకంటే సగం టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

‘ఆర్’ అంటే ల్యాబ్‌లో ఆ మందు ఆ బ్యాక్టీరియా పెరుగుదలను ఆపలేకపోయిందని అర్థం. మన దేశంలో ఆసుపత్రుల్లో దొరికే ఆసినెటోబ్యాక్టర్‌లో అత్యధిక భాగం మెరోపెనెమ్, ఇమిపెనెమ్ లాంటి కార్బాపెనెమ్‌లకు లొంగడం లేదని ఐసీఎంఆర్ ఏటా వేసే నివేదికలు చెబుతూనే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొత్త మందులు అత్యవసరమైన బ్యాక్టీరియా జాబితా వేసినప్పుడు దీన్ని అన్నిటికన్నా పై వరసలో పెట్టింది, 2024లో జాబితా సవరించాక కూడా అక్కడే ఉంచింది. అంటే ఇది మీ ఆసుపత్రి ఒక్కదాని సమస్య కాదు.

కొలిస్టిన్ దగ్గర ‘ఐ’ అని చూసి ‘అది కూడా సగమే పనిచేస్తుందట’ అని భయపడ్డారు కదా. అది చాలామంది అపార్థం చేసుకునే సంగతి. అమెరికాలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ సీఎల్ఎస్ఐ 2020 నుంచి కొలిస్టిన్‌కు ‘ఎస్’ (మందుకు లొంగుతుంది) అనే వర్గాన్నే తీసేసింది. ఆ పద్ధతి పాటించే ల్యాబుల్లో కొలిస్టిన్‌కు రాగలిగిన అత్యుత్తమ ఫలితం ‘ఐ’యే. మందు పనిచేసే మోతాదుకూ, కిడ్నీకి హాని చేసే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ కాబట్టి, దాన్ని మామూలు మందులా నమ్మొద్దని డాక్టరుకు గుర్తుచేయడానికి అలా పెట్టారు. ఇంకో మాట, కొలిస్టిన్‌ను మామూలు డిస్క్ పద్ధతిలో పరీక్షిస్తే ఫలితాన్ని నమ్మలేం, బ్రాత్ మైక్రోడైల్యూషన్ అనే పద్ధతిలో చేయాలి. మీ రిపోర్టు ఏ పద్ధతిలో వచ్చిందో ల్యాబ్‌ను అడగొచ్చు, అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఆ కల్చర్ దేని నుంచి తీశారు అన్నది. పైపైన తీసిన స్వాబ్ గాయం మీద ఎవరున్నారో చెబుతుంది, లోపలికి ఎవరు దిగారో చెప్పదు. లోపల ఇన్ఫెక్షన్ ఉందా అని తేల్చాలంటే గాయం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించాలి. గ్రాము కణజాలంలో లక్షకు మించి బ్యాక్టీరియా ఉంటే అనుమానం బలపడుతుంది, బ్యాక్టీరియా కింది ఆరోగ్యమైన పొరలోకి దిగాయని మైక్రోస్కోపులో కనిపిస్తే ఇక ఖాయం. దాంతోపాటు బ్లడ్ కల్చర్ కావాలి. మీరు రాసిన దాంట్లో బ్లడ్ కల్చర్ మాటే లేదు. పంపారా, పంపితే ఏమొచ్చింది, అది కనుక్కోండి.

జ్వరం ఉందని రాశారు. పెద్దగా కాలినవాళ్లలో ఒంటి యంత్రాంగమంతా పరుగులు పెడుతూ ఉంటుంది, 38.5 డిగ్రీల సెల్సియస్ దాకా, అంటే 101 ఫారెన్‌హీట్ దాకా వేడి ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే ఉండొచ్చు. మేం ఉలిక్కిపడేది 39 దాటినప్పుడు, అంతకన్నా ఎక్కువగా 36.5 కంటే కిందికి పడిపోయినప్పుడు. ఒళ్లు చల్లబడితే ఇంట్లోవాళ్లు ‘జ్వరం తగ్గింది’ అని సంతోషిస్తారు, నాకు మాత్రం ఆ అంకె చూస్తే గుండె గుభేలుమంటుంది. ఇంకా చూడాల్సినవి: నిన్నటిదాకా మాట్లాడిన మనిషి అయోమయంగా మాట్లాడటం, మూత్రం తగ్గడం, పొట్ట ఉబ్బి పైపులో పోసే ఆహారం ఇమడకపోవడం, షుగర్ లేనివారికి ఉన్నట్టుండి షుగర్ పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం. గాయం విషయానికొస్తే ఎర్రగా మానుతున్న చోట ఊదా, నలుపు మచ్చలు రావడం, పైపైన కాలిన చోటు రెండ్రోజుల్లో లోతుగా మారడం, అతికించిన చర్మం కరిగిపోయినట్టు ఊడిరావడం. వీటిలో ఏది కనిపించినా తెల్లారి రౌండ్స్ దాకా ఆగకండి, రాత్రి డ్యూటీ డాక్టరుకైనా సరే అప్పుడే చెప్పండి.

ఇలాంటి లక్షణాలేవీ లేని పేషెంటు ఒకాయన మా వార్డులో ఉండేవారు, మీ బావగారికి లాగే స్వాబ్‌లో ఆసినెటోబ్యాక్టర్, అన్నీ ‘ఆర్’. ఇంట్లోవాళ్లు కొలిస్టిన్ వెంటనే మొదలుపెట్టమని ఒత్తిడి చేశారు, నగలు కుదువపెట్టి డబ్బు కూడా తెచ్చేశారు. రక్తం కల్చర్‌లో ఏమీ లేదు, మనిషి తింటున్నాడు, కిడ్నీలు బాగున్నాయి. సర్జన్ గారూ నేనూ మాట్లాడుకుని మందు ఇవ్వకుండా, చచ్చిన చర్మం తీసేసి, డ్రెస్సింగ్ మార్చి, ఆయన్ని విడిగా ఉంచి, గ్రాఫ్ట్ వేశాం. చర్మం చక్కగా అతుక్కుంది. ఆ తర్వాత స్వాబ్‌లో ఆ బ్యాక్టీరియా మళ్లీ రాలేదు, ఎందుకంటే అది బతకడానికి అక్కడ చచ్చిన పొర మిగల్లేదు. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పను. ఊపిరితిత్తుల్లోకి పొగ వెళ్లినవాళ్లూ, పెద్ద వయసువాళ్లూ, 60, 70 శాతం కాలినవాళ్లూ వేరే లెక్క.

ఈ త్వరగా కోసి త్వరగా అతికించే పద్ధతి మొదట్నుంచీ ఉన్నది కాదు. ఒకప్పుడు ఎస్కార్ తనంతట తాను కుళ్లి ఊడేదాకా వారాల తరబడి ఆగేవాళ్లు, ఆ ఆగడంలోనే చాలామంది ఇన్ఫెక్షన్‌తో పోయేవాళ్లు. అప్పటి యుగోస్లావియాలో మారిబోర్ అనే ఊళ్లో జోరా యాన్జెకోవిచ్ అనే సర్జన్ మొదటి కొన్ని రోజుల్లోనే చచ్చిన పొరను పల్చటి చెక్కలుగా, కింద రక్తపు చుక్కలు కనిపించేదాకా చెక్కేసి, అప్పటికప్పుడే చర్మం అతికించడం మొదలుపెట్టి 1970లో ఆ ఫలితాలు ప్రచురించారు. నా దృష్టిలో బర్న్స్ వార్డు ఇన్ఫెక్షన్ల మీద ఏ యాంటీబయాటిక్కూ చేయనంత మేలు ఆవిడ చేశారు.

మన దగ్గర ఇది ఎందుకు ఆలస్యమవుతుందో కూడా చెప్పాలి. ఆపరేషన్‌లో రక్తం బాగా పోతుంది, కాబట్టి రక్తం సిద్ధంగా ఉండాలి. ఆపరేషన్ థియేటర్ ఖాళీ దొరకాలి, మత్తు డాక్టరు దొరకాలి. పేషెంటు ఏ ఏజెన్సీ ఊరి నుంచో రెండు మూడు ఆసుపత్రులు తిరిగి విశాఖో హైదరాబాదో చేరేసరికే రోజులు గడిచిపోతాయి. ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలిందంటే ఒకే రాత్రి వార్డంతా నిండిపోతుంది. మన దేశంలో ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, దానికి సరిపడా బర్న్స్ యూనిట్లు మనకు లేవు. మీవైపు నుంచి వెంటనే చేయగలిగింది రక్తదాతలను సిద్ధం చేయడం. నలుగురైదుగురిని బ్లడ్ బ్యాంకుకు పంపి ఉంచితే ఆపరేషన్ ఆ ఒక్క కారణంతో వాయిదా పడదు.

35 శాతానికి సాధారణంగా సొంత చర్మమే సరిపోతుంది. అంతకు మించి కాలితే దాతల చర్మం కావాలి, అది తాత్కాలికంగా కప్పి ఉంచి బ్యాక్టీరియాకు తలుపు మూస్తుంది. ముంబయిలోని సయన్ ఆసుపత్రిలో 2000లో స్కిన్ బ్యాంకు మొదలైంది, హైదరాబాద్ ఉస్మానియాలో 2021లో వచ్చింది. చనిపోయాక ఆరు గంటల లోపు తొడలు, వీపు నుంచి పల్చటి పొర మాత్రమే తీస్తారు, శరీరం వికారంగా మారదు, బ్లడ్ గ్రూపు కలవాల్సిన పనీ లేదు. కళ్లు దానం చేస్తున్నారు గానీ చర్మం ఇవ్వొచ్చని మనవాళ్లలో చాలామందికి తెలియదు, సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు ఈ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందనే ప్రశ్న. పెన్సిలిన్ కథలోనే కాలిన గాయాలున్నాయి. 1942 నవంబరులో బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. బతికినవాళ్ల కోసం మెర్క్ కంపెనీ అప్పటికి బజారులో దొరకని పెన్సిలిన్‌ను 32 లీటర్ల ద్రవంగా హడావుడిగా పంపింది, అతికించిన చర్మాన్ని స్టెఫైలోకాకస్ నుంచి కాపాడటానికి. మూడేళ్లకే, 1945 నోబెల్ ప్రసంగంలో, తక్కువ మోతాదులో వాడితే బ్యాక్టీరియా తట్టుకోవడం నేర్చుకుంటాయని పెన్సిలిన్ కనుక్కున్న ఫ్లెమింగ్ హెచ్చరించారు. 1950ల నాటికి ఆసుపత్రుల్లో స్టెఫైలోకాకస్ పెన్సిలిన్‌ను లెక్కచేయడం మానేసింది, 60ల నాటికి బర్న్స్ వార్డుల్లో సూడోమోనాస్ రాజ్యమేలింది. మీరు చూసే ఆ తెల్ల క్రీము, సిల్వర్ సల్ఫాడయజీన్, 1968లో వచ్చింది దాన్ని ఎదుర్కోవడానికే. ఆ తర్వాత కార్బాపెనెమ్‌లు వచ్చాయి, వాటిని నరికేసే ఎన్‌డీఎం-1 అనే ఎంజైము కూడా వచ్చింది. న్యూఢిల్లీలో వైద్యం చేయించుకుని స్వీడన్ వెళ్లిన భారత సంతతి వ్యక్తిలో 2008లో దాన్ని మొదట గుర్తించారు. మన ఆసినెటోబ్యాక్టర్‌లో అయితే ఓఎక్స్ఏ-23 అనే ఇంకో ఎంజైము ఎక్కువ.

వార్డు బయటి సంగతులు కూడా ఉన్నాయి. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో బయటపెట్టారు. కోళ్ల దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. జలుబుకు అజిత్రోమైసిన్, విరేచనాలకు ఏదో ఒకటి, మెడికల్ షాపులో అడిగి మూడు మాత్రలు తెచ్చుకోవడం మనకు అలవాటే. ఇవన్నీ కలిసే మీ బావగారి రిపోర్టు దాకా వచ్చాయి.

బర్న్స్‌కు సంబంధించి నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది మాత్రం ఇది: పేషెంటు మా దగ్గరికి వచ్చేసరికే మొదటి రోజు నుంచి మెరోపెనెమ్ ఎక్కించి ఉంటారు, ‘ఇన్ఫెక్షన్ రాకుండా’ అని. అంతర్జాతీయ కాలిన గాయాల సంఘం 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు ముందుజాగ్రత్త పేరుతో నరంలోకి యాంటీబయాటిక్ ఇవ్వొద్దనే చెబుతున్నాయి. అలా ఇస్తే ఇన్ఫెక్షన్ ఆగదు, లొంగే బ్యాక్టీరియా చచ్చి ఆ చోటు లొంగనివాటికి ఖాళీ అవుతుంది. ఇంట్లోవాళ్లు ‘యాంటీబయాటిక్ పెట్టలేదేంటి’ అని గొడవ చేస్తారని భయపడి రాసే డాక్టర్లు కూడా ఉన్నారు, కాబట్టి దయచేసి ఆ గొడవ చేయకండి.

ఇక పెద్ద మందుల సంగతి. కొలిస్టిన్ కొత్త మందు అనుకుంటున్నారు, 1940ల చివర్లో కనుక్కున్నది అది. కిడ్నీలను దెబ్బతీస్తుందని పక్కన పెట్టేసి, వేరే దారి లేక మళ్లీ తీశారు. అది గానీ, దాని తోబుట్టువు పాలిమిక్సిన్-బి గానీ మొదలుపెడితే రోజూ మూత్రం ఎంత వస్తోంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత ఉంది చూడాల్సిందే. ఆసినెటోబ్యాక్టర్‌కు నిజంగా చికిత్స అవసరమైనప్పుడు దాంతో పాటు ఎక్కువ మోతాదులో సల్బాక్టమ్, మినోసైక్లిన్, టైగెసైక్లిన్ లాంటివి కలిపి వాడతారు. ఎవరో సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ తెప్పించమన్నారని రాశారు, చాలా ఖరీదు. అది ఆసినెటోబ్యాక్టర్ మీద ఆధారపడదగ్గ మందు కాదు, ఎన్‌డీఎం ఉన్న క్లెబ్సియెల్లా మీద కూడా ఒంటరిగా పనిచేయదు. ఆ డబ్బు దాచుకోండి. సల్బాక్టమ్-డర్లోబాక్టమ్ అనే కొత్త జోడీకి 2023లో అమెరికాలో ఆసినెటోబ్యాక్టర్ కోసమే అనుమతి వచ్చింది, అయితే అది కూడా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు ఇచ్చిన అనుమతి, పైగా ఏ మందైనా చచ్చిన పొరలోకి చేరదనే పాత ఇబ్బంది అలాగే ఉంటుంది. మోతాదు కూడా ఒక చిక్కే. కాలినవాళ్లలో మొదటి రోజులు గడిచాక కిడ్నీలు మందును మామూలు కన్నా వేగంగా బయటికి పంపేస్తాయి, ఒంట్లో నీరు చేరడం వల్ల మందు పల్చబడుతుంది. అందుకే డాక్టరు పుస్తకంలో ఉన్నదానికన్నా ఎక్కువ మోతాదు రాస్తే కంగారు పడకండి.

ఫేజ్ థెరపీ గురించి యూట్యూబ్‌లో చూశామన్నారు. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు అవి, జార్జియా దేశంలో దశాబ్దాలుగా వాడుతున్నారు, నాకూ ఆశ ఉంది. యూరప్‌లో కాలిన గాయాల్లో సూడోమోనాస్ మీద ఫాగోబర్న్ అనే ప్రయోగం చేశారు, ఫేజ్ మిశ్రమం నిలవలో బలం కోల్పోయి అనుకున్న మోతాదు అందలేదు, మామూలు సిల్వర్ క్రీమే త్వరగా పనిచేసింది. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇప్పటికిప్పుడు మీ బావగారికి పనికొచ్చేది కాదు.

నిర్లక్ష్యమా అన్నారు. ఒక్క కల్చర్ చూసి అలా అనలేం. కాకపోతే వార్డులో ఒకే రకం బ్యాక్టీరియా బెడ్ నుంచి బెడ్‌కు పాకుతోందంటే అది తప్పకుండా వెతికి ఆపాల్సిన విషయం. ఒకసారి ఒక వార్డులో వరసగా సింక్ దగ్గరి బెడ్లవాళ్లకే సూడోమోనాస్ వచ్చేది, ప్లేట్లన్నీ ఒకే ఆకుపచ్చ రంగు, మూత తీస్తే ద్రాక్షపళ్ల లాంటి తియ్యటి వాసన, మందుల పట్టిక కూడా అచ్చు ఒకేలా. వెళ్లి చూస్తే కుళాయి ధార నేరుగా డ్రెయిన్ రంధ్రంలో పడుతోంది, తుంపర్లు పక్కనే పెట్టిన డ్రెస్సింగ్ ట్రాలీ మీదికి ఎగురుతున్నాయి. డ్రెయిన్ లోపల జిగురు పొరలో అదే బ్యాక్టీరియా. కుళాయి మార్చి, ట్రాలీని దూరం జరిపి, ఆ సింక్‌లో గాయం కడిగిన నీళ్లు పోయడం ఆపించాం. కొత్త కేసులు ఆగాయి, ఒక్క కొత్త ఇంజెక్షన్ కూడా కొనకుండానే. గాయాలను తొట్టెలో ముంచి కడిగే పాత పద్ధతిని చాలా దేశాల్లో మానేసింది కూడా ఇందుకే, షవర్ ధార కింద కడుగుతున్నారు.

మీరు అటెండెంటుగా చేయగలిగినవి చెప్తాను, ఇది చిన్న పని అనుకోవద్దు. మన వార్డుల్లో తినిపించేది, ఒత్తిగిలించేది, మూత్రం డబ్బా మార్చేది ఎక్కువగా ఇంట్లోవాళ్లే.

ఆయన్ని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక చేతులు రుద్దుకోండి, శానిటైజర్‌తో 20, 30 సెకన్లు, మురికి అంటితే సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. చేతికి కట్టుకున్న తాయెత్తు, గుడి దారం తడిసి తడిసి ఆరుతూ ఉంటాయి, వాటి కింద చెయ్యి శుభ్రం కాదు, అవి ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి రండి. ఆయన నుదుటి మీద విభూతి పెట్టాలంటే గాయం లేనిచోట, నర్సును అడిగి పెట్టండి. ఫోన్ సంగతి మరవకండి, చేతులు కడుక్కుని వచ్చి వెంటనే ఫోన్ పట్టుకుని, అదే చేత్తో దిండు సర్దుతారు. అటెండెంట్ల ఫోన్లు కల్చర్ చేసినప్పుడు వార్డులో ఉన్న బ్యాక్టీరియానే వాటి మీదా కనిపించడం నేను చూశాను.

ఇంకో మాట చెప్పడం నాకే కష్టంగా ఉంటుంది. పక్క బెడ్ పెద్దాయన ఒంటరిగా ఉంటే, మన వాళ్లు జాలిపడి వెళ్లి పట్టుకుని కూర్చోబెడతారు, నీళ్లు తాగిస్తారు, మళ్లీ తమ మనిషి దగ్గరికి వస్తారు. మనసు మంచిదే, కానీ బ్యాక్టీరియా రెండు బెడ్ల మధ్య నడిచేది ఇలాగే. సాయం చేయాలనిపిస్తే నర్సును పిలవండి, తప్పదనుకుంటే చేతులు శుభ్రం చేసుకుని వెళ్లి, మళ్లీ శుభ్రం చేసుకుని రండి. ఒకే గ్లవ్స్‌తో ఇద్దరిని ముట్టుకుంటున్న ఎవరినైనా, డాక్టరైనా సరే, ‘సార్, గ్లవ్స్ మారుస్తారా’ అని మర్యాదగా అడగండి. అడగడం మీ హక్కు.

ఇంటి నుంచి టేబుల్ ఫ్యాన్ గానీ, నీళ్ల కూలర్ గానీ తేవద్దు. పూలు వద్దు, పచ్చి కూరగాయ ముక్కలు వద్దు. గుడ్లు, పప్పు, పాలు, పెరుగు, చికెన్, డైటీషియన్ చెప్పినంత తప్పకుండా పెట్టండి, ప్రొటీను లేకపోతే చర్మం అతుక్కోదు. ‘పుండుకు పథ్యం’ అని గుడ్డు, మాంసం, పెరుగు ఆపేసే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే నా మాటగా చెప్పండి, ఆపొద్దని. గాయం మీద ఇంటి వైద్యం ఏదీ, పసుపు, తేనె, ఏదైనా సరే, వేయొద్దు.

మార్చాలా అన్నదానికి: కార్పొరేట్ ఆసుపత్రి అన్నంత మాత్రాన అక్కడ ఆసినెటోబ్యాక్టర్ ఉండదని కాదు. మార్చేముందు ఆ కొత్తచోట ఇవి కనుక్కోండి: బర్న్స్‌కు విడిగా యూనిట్ ఉందా, లేక జనరల్ ఐసీయూలోనే పెడతారా, గ్రాఫ్టింగ్ చేసే ప్లాస్టిక్ సర్జన్ రోజూ ఉంటారా, విడి గది ఇస్తారా, వారంలో ఆపరేషన్ చేయగలరా. వీటికి జవాబు అవునని వస్తే, ఇక్కడ ఆపరేషన్ తేదీ ఇవ్వలేకపోతుంటే, మనిషి ప్రయాణం తట్టుకునే స్థితిలో ఉంటే, అప్పుడు మార్చడంలో అర్థముంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో రెండుచోట్లా ఆరోగ్యమిత్రను అడగండి. మారిస్తే ఈ కల్చర్ రిపోర్టును దాచకండి, చేర్చుకోరేమోనని కొందరు దాచేస్తారు, దానివల్ల అక్కడి పక్క బెడ్ పేషెంటుకు అంటుకుంటుంది, మీవాళ్లకూ తప్పుడు మందు మొదలవుతుంది. అంబులెన్స్ బయల్దేరకముందే ఫోన్ చేసి చెప్పండి.

రేపు రౌండ్స్ అయ్యాక బ్లడ్ కల్చర్ ఫలితం, క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, గ్రాఫ్టింగ్ తేదీ, ఈ నాలుగూ నాకు రాయండి. ఆయన పేరు, ఐపీ నంబరు కొట్టేసి రిపోర్టు ఫొటో కూడా పెట్టండి, మందుల వరస చూసి ఏది అడగాలో చెప్తాను.